కార్యాలయంలో ప్రమాదాల నివారణ: బెంగళూరు తెలుగు ఉద్యోగులు తరచుగా అడిగే ప్రశ్నలు

మారతహళ్ళి, బెళ్ళందూరు మొదలుకొని ఎలక్ట్రానిక్ సిటీ వరకు ఉన్న కార్యాలయ భవనాల్లో తెలుగు వినిపించని అంతస్తు అరుదు. కంప్యూటర్ల ముందు కూర్చునేవారిలోనే కాక, నేల తుడిచేవారిలో, గేటు దగ్గర కాపలా ఉండేవారిలో, కరెంటు పని చేసేవారిలో కూడా అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి వచ్చినవారు చాలామంది ఉన్నారు. నేను ఒక భవన నిర్వహణ విభాగంలో పనిచేసిన కాలంలో ఈ అందరూ వేర్వేరు సందర్భాల్లో నన్ను అడిగిన ప్రశ్నలివి.

ఏసీ గదిలో కూర్చుని చేసే ఉద్యోగంలో ప్రమాదం ఏముంటుంది?

కర్మాగారంలో యంత్రాన్ని చూడగానే భయం వేస్తుంది కనుక మనిషి తనంతట తానే ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తాడు. కార్యాలయంలో ఆ భయం ఉండదు. తివాచీ, గాజు తలుపు, కాఫీ యంత్రం ఎవరినీ హెచ్చరించవు. నేను చూసిన గాయాల్లో అత్యధికం జారిపడడం వల్ల, వైర్లు తట్టుకుని పడడం వల్ల, ఎత్తు నుంచి పడడం వల్ల, బరువు ఎత్తబోయి నడుము పట్టేయడం వల్ల, పాంట్రీలో వేడినీళ్ళు మీద పడడం వల్ల కలిగినవే. కరెంటు, నిప్పు వల్ల జరిగే ప్రమాదాలు వీటికంటే అరుదు గాని, ప్రాణాలు పోయేది ఎక్కువగా వాటివల్లే.

వీటన్నిటిలోనూ నేను గమనించిన విషయం ఒకటి ఉంది. ప్రమాదం జరిగిన తరువాత విచారిస్తే, దాని కారణాన్ని అంతకు ముందే చూసినవారు దాదాపు ప్రతిసారీ ఒకరైనా దొరికేవారు. చూసినవారు చెప్పలేదు, లేదా చెప్పినా ఆ మాట చేరవలసిన చోటికి చేరలేదు. ఈ పేజీలోని సమాధానాల్లో ఎక్కువ భాగం ఆ లోటు గురించే.

జారిపడడం ఎక్కడ ఎక్కువగా జరుగుతుంది? దానిని ఎలా ఆపాలి?

ప్రవేశద్వారం దగ్గర, పాంట్రీలో నీళ్ళ యంత్రం ముందు, మరుగుదొడ్డి గుమ్మం దగ్గర, మెట్ల చివరి అడుగు మీద. బెంగళూరులో ఏప్రిల్, మే నెలల సాయంకాలపు జల్లుల నుంచి అక్టోబరు దాకా వానకాలమే అనుకోవాలి. ఆ నెలల్లో గొడుగుల నుంచి, బూట్ల నుంచి కారిన నీళ్ళు పాలిష్ పెట్టిన గ్రానైట్ నేల మీద నిలుస్తాయి. నిగనిగలాడే గ్రానైట్ మీద పలచటి నీటిపొర కంటికి ఆనదు. గుమ్మానికి బయట ఒకటి, లోపల మరొకటి, కనీసం నాలుగైదు అడుగులు నడిచేంత పొడవున్న, కాళ్ళు తుడుచుకునే పట్టాలు పరిస్తే ఈ సమస్య చాలావరకు తగ్గుతుంది. పట్టా అంచు లేచి ఉంటే మాత్రం జారడానికి బదులు తట్టుకుని పడతారు. అంచులకు టేపు అంటించాలి.

నేల తుడిచే వేళ కూడా ముఖ్యమే. ఉదయం తొమ్మిదిన్నర, పది గంటల మధ్య అందరూ లోపలికి వచ్చే సమయంలోనే లాబీ తుడిపించే భవనాలు నేను చూశాను. మేనేజరు వచ్చేసరికి నేల మెరుస్తూ కనిపించాలన్నది తప్ప దానికి వేరే కారణం లేదు. ఆ పని ఎనిమిదింటికే పూర్తి చేయించి, పగటిపూట చిందిన చోట మాత్రమే పొడిగుడ్డతో తుడిపిస్తే సరిపోతుంది.

ఇక హెచ్చరిక పలకల సంగతి. పసుపుపచ్చ పలక మీద ఇంగ్లీషు, కన్నడం ఉంటాయి. కన్నడ లిపి మన లిపికి దగ్గర కనుక కూడబలుక్కుని చదవగలం గాని, కన్నడంలో ‘నెల’ అంటే నేల అని తెలియనివారు నెలాఖరు జీతం గురించి ఏదో రాశారనుకునే అవకాశం ఉంది. నవ్వులాటకు చెప్పినా విషయం తేలికైనది కాదు: అక్షరాల కంటే జారిపడుతున్న మనిషి బొమ్మ పెద్దదిగా ఉన్న పలకలే కొనాలి. నేల ఆరగానే పలకను తీసేయాలి. రోజంతా ఒకేచోట నిలబడి ఉన్న పలకను మూడో రోజు నుంచి ఎవరూ చూడరు.

అలమర పైఅరలో ఫైలు తీయడానికి కుర్చీ ఎక్కితే ఏమవుతుంది?

ఆఫీసు కుర్చీకి చక్రాలుంటాయి, దాని సీటు తిరుగుతుంది. ఆ రెండూ కూర్చునేవాడి సౌకర్యానికి పెట్టినవి. నిలబడేవాడికి అవే శత్రువులు. పడేటప్పుడు మనిషి చేయి ఆనించుకుంటాడు కనుక మణికట్టు విరుగుతుంది, వెనక్కి పడితే తలకు బల్ల అంచు తగులుతుంది. ప్రతి అంతస్తులోనూ రెండు మెట్ల చిన్న నిచ్చెన ఒకటి ఉంచి, అది ఎక్కడ ఉందో అందరికీ తెలిసేలా చేయాలి. స్టోర్‌రూములో తాళం వేసి పెట్టిన నిచ్చెన ఉన్నా లేనట్టే. నిచ్చెన మీద ఉన్నంతసేపూ రెండు కాళ్ళు, ఒక చేయి గాని, రెండు చేతులు, ఒక కాలు గాని ఆని ఉండాలి.

ఇనుప బీరువాల్లో బరువైనవి కింది సొరుగులోను, తేలికైనవి పైసొరుగులోను పెట్టాలి. ఒకేసారి రెండు సొరుగులు లాగితే బీరువా ముందుకు ఒరుగుతుంది. అట్టపెట్టెలను పైకప్పు దాకా పేర్చకూడదు. కింద పడతాయని మాత్రమే కాదు, మంట లేస్తే పైకప్పు నుంచి నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్ కింద అర మీటరు దాకా ఖాళీ లేకపోతే దాని నీళ్ళు మంట మీదికి చేరవు.

నా బల్ల దగ్గర ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఎన్ని ప్లగ్గులు పెట్టవచ్చు?

ప్లగ్గుల సంఖ్య కంటే అవి లాగే కరెంటు ముఖ్యం. మన సరఫరా 230 వోల్టులు. లాప్‌టాప్ ఛార్జరు వంద వాట్ల లోపే తీసుకుంటుంది కనుక అలాంటివి నాలుగు పెట్టినా ఇబ్బంది లేదు. 1500 వాట్ల ఎలక్ట్రిక్ కెటిల్ మాత్రం ఒక్కటే ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. సాధారణ చిన్న సాకెట్టు సామర్థ్యం 6 ఆంపియర్లే. కెటిల్, గది వేడిచేసే హీటరు, ఇస్త్రీ పెట్టె వంటివి గోడలోని 16 ఆంపియర్ల సాకెట్టుకే పెట్టాలి. ఒక బోర్డులోకి మరో బోర్డు గుచ్చడం ఎక్కడ చూసినా ఆపించాలి. బోర్డు ముట్టుకుంటే వేడిగా ఉన్నా, ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా, కాలిన వాసన వచ్చినా స్విచ్చి ఆపి, దానిని పక్కన పెట్టి ఎలక్ట్రీషియన్‌కు చెప్పాలి. టేపు చుట్టి మళ్ళీ వాడకూడదు.

మూడు పిన్నుల ప్లగ్గులో లావుపాటి పిన్ను ఎర్తింగ్ కోసం. దానిని విరిచి రెండు పిన్నుల సాకెట్టులో దూర్చడం మన ఊళ్ళలో అలవాటైన తెలివి. ఇనుప తొడుగున్న పరికరానికి ఆ పని చేస్తే, లోపలి తీగ తొడుగుకు తగిలిన నాడు ముట్టుకున్నవారికి షాక్ తప్పదు. కరెంటు లీకైతే 30 మిల్లీఆంపియర్ల దగ్గరే సరఫరా తెంచే ఆర్‌సీసీబీ మీ అంతస్తు పంపిణీ పెట్టెలో ఉందో లేదో అడగండి. దాని మీది టెస్టు బటన్‌ను అప్పుడప్పుడు నొక్కి చూడాలి.

ఈమధ్య స్కూటరు బ్యాటరీలను పైకి తెచ్చి బల్ల కింద ఛార్జింగ్ పెట్టేవారు కనిపిస్తున్నారు. లిథియం బ్యాటరీ లోపలినుంచి అంటుకుంటే మంటలార్పే చిన్న సిలిండరుతో ఆరదు, ఆరినట్టు కనిపించినా తిరిగి అంటుకుంటుంది. ఛార్జింగుకు భవనం కేటాయించిన చోటే ఉపయోగించాలి, అదీ మెట్లదారికి దూరంగా ఉండాలి. ఉబ్బిన ఫోను బ్యాటరీని, పవర్‌బ్యాంకును గుచ్చడం, చెత్తబుట్టలో వేయడం చేయకూడదు.

మా భవనం కొత్తది, అన్ని అనుమతులూ ఉన్నాయి. అగ్నిప్రమాదం గురించి మేము ఇంకా ఆలోచించాలా?

బెంగళూరులో ఈ ప్రశ్న అడిగేవారికి ఒక తేదీ చెప్పాలి: 2010 ఫిబ్రవరి 23. పాత విమానాశ్రయం రోడ్డులోని కార్ల్‌టన్ టవర్స్ అనే కార్యాలయ భవనంలో ఆ మధ్యాహ్నం కరెంటు కేబుళ్ళు వెళ్ళే నిలువు గొట్టంలో మంట మొదలై, పొగ ఆ దారిలోనే పై అంతస్తులకు పాకింది. తొమ్మిది మంది చనిపోయారు. ఊపిరాడక కిటికీల నుంచి దూకినవారు అందులో ఉన్నారు. మంట పెద్దది కాదు. తప్పించుకునే దారులు మూసి ఉండడం, పొగ బయటికి పోయే మార్గం లేకపోవడం ఆ ప్రాణాలు తీశాయి. ఆ తరువాత బాధిత కుటుంబాలవారు ‘బియాండ్ కార్ల్‌టన్’ అనే సంస్థగా ఏర్పడి, అగ్నిభద్రత గురించి ఈ నగరంలో పనిచేస్తూ వస్తున్నారు.

ఆ సంఘటన నుంచి నేర్చుకోవలసినది పొగ గురించి. కేబుళ్ళు ఒక అంతస్తు నుంచి మరో అంతస్తుకు వెళ్ళే రంధ్రాలను మంటను ఆపే పదార్థంతో మూసి ఉండాలి. కొత్త ఇంటర్నెట్ తీగ లాగడానికి వచ్చిన కాంట్రాక్టరు ఆ మూతను పగలగొట్టి, పని అయ్యాక తెరిచే వదిలి వెళ్ళడం నేను ఒకసారి కాదు, చాలాసార్లు చూశాను. అనుమతి పత్రం ఇచ్చిన రోజున ఉన్న భవనం వేరు, రెండేళ్ళు గడిచాక ఉన్న భవనం వేరు. కేబుళ్ళు వెళ్ళే ఆ నిలువు గొట్టపు గదిని స్టోరుగా వాడి పాత మానిటర్ల పెట్టెలు, చీపుళ్ళు, పెయింటు డబ్బాలు నింపడం మరో సాధారణ తప్పు.

మీరు చేయగలిగినది చాలా చిన్నది. రేపు మధ్యాహ్నం భోజనం తరువాత లిఫ్టు ఎక్కకుండా, మీ బల్ల నుంచి మెట్లదారి గుండా కిందికి, అక్కడి నుంచి అందరూ చేరవలసిన ఖాళీ స్థలం దాకా ఒకసారి నడిచి వెళ్ళండి. మీ బల్ల నుంచి మెట్ల తలుపు దాకా మధ్యలో ఎన్ని బల్లల వరుసలున్నాయో లెక్కపెట్టుకోండి. పొగలో కళ్ళు కనిపించవు, ఆ లెక్కే దారి చూపుతుంది. రెండో మెట్లదారి ఎటుందో కూడా చూసి రండి. చాలామంది ఏళ్ళ తరబడి పనిచేసిన అంతస్తులోనే రెండో మెట్లదారి ఎక్కడో చెప్పలేరు.

దొంగతనాలు జరుగుతున్నాయని మెట్ల తలుపుకు తాళం వేశారు. తప్పా?

తప్పే, ఏ కారణం చెప్పినా. లోపలినుంచి తోస్తే తెరుచుకుని, బయటినుంచి తెరుచుకోని అడ్డుకడ్డీ తలుపులు దొరుకుతాయి. తెరిచిన వెంటనే అలారం మోగే ఏర్పాటూ ఉంది. బ్యాడ్జి చూపితే తెరుచుకునే తలుపులు ఫైర్ అలారం మోగగానే వాటంతట అవే విడిపోవాలి. అలా విడిపోతున్నాయో లేదో డ్రిల్ రోజున ఒక మనిషిని నిలబెట్టి పరీక్షించాలి. దీనికి విరుద్ధమైన తప్పు, గాలి కోసమనో సిగరెట్టు కోసమనో అదే తలుపుకు ఇటుక అడ్డంపెట్టి తెరిచి ఉంచడం. ఆ తలుపు మూసి ఉంటేనే మెట్లదారిలోకి పొగ రాదు.

పొగ మొదలైతే వెంటనే ఏం చేయాలి?

అలారం నొక్కి, 101కు గాని 112కు గాని ఫోన్ చేసి, బయలుదేరాలి. లాప్‌టాప్ కోసం, బ్యాగు కోసం వెనక్కి వెళ్ళవద్దు. పొగ పైకి చేరుతుంది కనుక వంగి, అవసరమైతే పాకుతూ నడవాలి. మూసి ఉన్న తలుపును తెరిచే ముందు చేతి వెనుకభాగంతో తాకి చూడాలి. వేడిగా ఉంటే తెరవకూడదు. బయటపడే దారి లేకపోతే కిటికీ ఉన్న గదిలో చేరి, తలుపు మూసి, కింది సందులో తడిగుడ్డ కుక్కి, కిటికీ దగ్గర కనిపించేలా నిలబడాలి. లిఫ్టు వాడకూడదు.

నడవలేనివారిని, గర్భిణులను, ఆ వారమే కాలికి కట్టు కట్టించుకుని వచ్చినవారిని ఎవరు కిందికి తీసుకెళ్ళాలో ముందే పేర్లతో నిర్ణయించి ఉండాలి. ‘ఎవరో ఒకరు చూసుకుంటారులే’ అన్నది ఏర్పాటు కాదు.

మంటలార్పే సిలిండరును అందరూ వాడవచ్చా?

మంట చెత్తబుట్టంత ఉన్నప్పుడు, మీ వీపు బయటికి వెళ్ళే దారి వైపు ఉన్నప్పుడు మాత్రమే. పిన్ను లాగి, గొట్టాన్ని మంట మొదలుకు గురిపెట్టి, పిడి నొక్కి, ఇటూ అటూ ఊపాలి. గోడకు వేలాడే చిన్న సిలిండరు అర నిమిషం కూడా రాదు. అది ఖాళీ అయ్యేలోగా ఆరకపోతే వదిలి వెళ్ళాలి. కరెంటు పరికరాల మీద నీళ్ళు పోయకూడదు. సర్వర్ గదులకు కార్బన్ డయాక్సైడ్ సిలిండరు మంచిది, కాని దాని మూతిని చేత్తో పట్టుకుంటే చలికి చర్మం అతుక్కుంటుంది, మూసిన చిన్న గదిలో ఆ వాయువు ఊపిరాడనివ్వదు. పొడి సిలిండరు మీది పీడనం చూపే ముల్లు ఆకుపచ్చ రంగులో ఉందో లేదో ఎవరైనా చూడవచ్చు. కార్బన్ డయాక్సైడ్ సిలిండరుకు సాధారణంగా ముల్లు ఉండదు, దానిని తూకం వేసే పరీక్షిస్తారు.

ఏప్రిల్ 14 నుంచి 20 దాకా జరిగే అగ్నిమాపక వారోత్సవం సిలిండరును చేతబట్టి చూసేందుకు మంచి అవకాశం. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో పేలిన ఓడ దగ్గర చనిపోయిన అగ్నిమాపక సిబ్బంది జ్ఞాపకార్థం ఆ వారాన్ని జరుపుతారు. చాలా కార్యాలయాల్లో అది ముగ్గుల పోటీతో ముగిసిపోతుంది.

మెడనొప్పి, నడుమునొప్పి కూడా గాయాలేనా?

అవును, నెమ్మదిగా జరిగే గాయాలు. తెర పైఅంచు కంటి ఎత్తులో, చేయి చాచినంత దూరంలో ఉండాలి. పాదాలు నేలకు ఆని, మోచేతులు ఇంచుమించు లంబకోణంలో ఉండాలి. లాప్‌టాప్‌ను అలాగే వాడితే ఇది సాధ్యం కాదు, ఎందుకంటే తెర ఎత్తు సరిచేస్తే కీబోర్డు ఎత్తవుతుంది. కింద స్టాండు, విడిగా కీబోర్డు పెట్టుకోవాలి. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలోని వస్తువును ఇరవై సెకన్లు చూడడం కళ్ళకు మంచిది. వేళ్ళ తిమ్మిరి రాత్రిళ్ళు నిద్ర లేపుతుంటే ఆలస్యం చేయకుండా వైద్యునికి చూపించాలి.

నీళ్ళ యంత్రం మీదికి ఎత్తే పెద్ద క్యాను ఇరవై కిలోల బరువు ఉంటుంది. పందెం కట్టి ఒంటిచేత్తో ఎత్తేవారిని చూశాను. తరువాత పదిరోజులు సెలవు పెట్టినవారినీ చూశాను. మోకాళ్ళు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టుకుని, నడుము తిప్పకుండా లేవాలి, లేదా ఇద్దరు పట్టాలి.

పాంట్రీలో వేడి కాఫీ మీద పడితే, ఎవరికైనా షాక్ కొడితే ఏం చేయాలి?

కాలినచోట కుళాయి కింద ధారగా ఇరవై నిమిషాలు నీళ్ళు పారనివ్వాలి. టూత్‌పేస్టు, కాఫీపొడి, పసుపు, ఐసు ఏదీ పెట్టవద్దు. ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీయాలి. బొబ్బలు చిదమకూడదు. పెద్ద గాయాలకు విక్టోరియా ఆసుపత్రిలో కాలిన గాయాలకు ప్రత్యేక విభాగం ఉంది; 108 అంబులెన్సును పిలవండి.

షాక్ తగిలినవారిని ముట్టుకునే ముందు మెయిన్ స్విచ్చి ఆపాలి. ఆపడం సాధ్యం కాకపోతే పొడి కర్రతోనో ప్లాస్టిక్ వస్తువుతోనో తీగను తప్పించాలి. మనిషి స్పందించక, మామూలుగా ఊపిరి తీయకపోతే 108కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో ఐదారు సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్ల చొప్పున నొక్కుతూ ఉండాలి. లాబీలో డీఫిబ్రిలేటరు (గుండె లయను షాక్‌తో సరిచేసే యంత్రం) ఉంటే తెప్పించండి; అదే నోటితో ఏం చేయాలో చెబుతుంది.

దెబ్బ తగలలేదు, తప్పిపోయింది. అయినా రాసి ఇవ్వాలా?

రాయాలి. అమెరికాలో బీమా సంస్థలో పనిచేసిన హైన్రిక్ 1931లో, ఒక పెద్ద గాయం వెనుక 29 చిన్న గాయాలు, దెబ్బ తగలని 300 సంఘటనలు ఉంటాయని రాశాడు. ఆ అంకెలను తరువాతివారు తప్పుబట్టారు, నేనూ వాటికి పట్టుబట్టను. కాని ఊడిన టైలు మీద నిన్న ఒకరు తూలారంటే, ఆ టైలు ఇంకా అక్కడే ఉందన్నది నిజం.

మా భవనంలో ఐదో అంతస్తు నేల తుడిచే అనంతపురం ఆవిడ ఒకరు, మెట్ల మీది ఇత్తడి పట్టీ వదులైందని తన సూపర్‌వైజరుకు మూడుసార్లు చెప్పింది. ఆయన కన్నడం మాట్లాడేవాడు, ఫిర్యాదు పత్రం ఇంగ్లీషులో ఉంది, ఆవిడకు తెలుగు తప్ప రాదు. నాలుగోరోజు ఒక ఉద్యోగి కాలు మడమ దగ్గర విరిగింది. ఆ తరువాత మేము కాగితం తీసేసి, ఫోటో తీసి, తెలుగు, కన్నడం, తమిళం, హిందీ ఏ భాషలోనైనా గొంతు రికార్డు చేసి పంపే వాట్సాప్ నంబరు పెట్టాం. ఆ నెలలో వచ్చిన సందేశాల్లో ఎక్కువ భాగం హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ వారివే. భవనాన్ని అంగుళం అంగుళం చూసేది వారే మరి.

కాంట్రాక్టు మీద పనిచేసేవారికి దెబ్బ తగిలితే ఖర్చు ఎవరిది?

నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవారికి ఈఎస్ఐ వర్తిస్తుంది. ఏజెన్సీ ద్వారా వచ్చినవారికీ అంతే. పనిలో తగిలిన గాయానికి ఉద్యోగంలో చేరిన మొదటి రోజునుంచే వైద్యం దొరుకుతుంది, పనిచేయలేని కాలానికి వేతనంలో 90 శాతం లెక్కన భృతి ఇస్తారు. 2010లో వచ్చిన సవరణ నాటి నుంచి, ఉద్యోగంతో సంబంధం రుజువైతే, ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి వెళ్ళే దారిలో జరిగిన ప్రమాదం కూడా దీని కిందికి వస్తుంది. సిల్క్ బోర్డు కూడలిలో రోజూ బండి నడిపేవారు ఇది గుర్తుంచుకోవాలి. ఈఎస్ఐ పరిధిలోకి రానివారు ఉద్యోగుల పరిహారానికి చట్టంలో ఉన్న ఏర్పాట్లను, సంస్థ తీసుకున్న బృంద బీమాను అడిగి తెలుసుకోవాలి.

ఏ దారిలో వెళ్ళినా మొదట కావలసింది రాతపూర్వకమైన ఆధారం. దెబ్బ తగిలిన రోజే తేదీ, సమయం, చోటు, చూసినవారి పేర్లతో ప్రమాద పుస్తకంలో రాయించి, ఆ పుటను ఫోటో తీసుకోండి. ‘చిన్నదేలే, రేపు రాద్దాం’ అనే సూపర్‌వైజరు ముందు నిలబడి రాయించడం కాంట్రాక్టు మనిషికి సులభం కాదని నాకు తెలుసు. మీ బల్ల దగ్గరి చెత్తబుట్ట తీసే మనిషికి చేయి తెగితే, ఆ పుస్తకం దగ్గరికి ఆయనతోపాటు మీరూ నడిచి వెళ్ళండి, చూసినవారి వరుసలో మీ పేరు రాయించండి.